తుర్రెబాజ్ ఖాన్ రోడ్డుకు నాలుగు వాక్యాల బోర్డు కావాలి

హైదరాబాద్‌లో వీధుల పేర్లు, బోర్డులు చూసే నగరపాలక అధికారులకు, రాష్ట్ర వారసత్వ శాఖ పెద్దలకు నమస్కారం.

నేను సోషల్ టీచర్‌ని. మాది తూప్రాన్ దగ్గర ఒక పల్లె. ఇంటర్ అయ్యాక డిగ్రీ చదవడానికి కోఠి ఉమెన్స్ కాలేజీలో చేరాను. పొద్దున్నే తూప్రాన్‌లో బస్సెక్కి జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి సిటీ బస్సులో కోఠికి వెళ్లేదాన్ని. మూడేళ్లు అదే దారి. ఆ దారి ఒక మనిషి జీవితంలో ఆఖరి ఏడాదిన్నరకు రెండు కొసలని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన తిరగబడింది కోఠిలో. ఆయన్ని చంపింది తూప్రాన్ దగ్గర.

ఆయన పేరు తుర్రెబాజ్ ఖాన్. కోఠిలో పుత్లీబౌలి వైపు వెళ్లే రోడ్డుకు ఆయన పేరే ఉంది. ఆ రోడ్డు గురించే ఈ లేఖ.

అసలు ఆయన పేరు నేను కోఠికి రాకముందే, చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. చింతచెట్టు ఎక్కి దిగకుండా కూర్చుంటే మా తాత కింద నిలబడి, "ఏందే, పెద్ద తుర్రంఖాన్ అయినవా? దిగు" అని కసిరేవాడు. పంచాయతీలో ఎవరైనా గొంతు పెంచితే, "నువ్వేమన్న తుర్రంఖాన్‌వా?" అని అడిగేవాళ్లు. తెలంగాణలో ఈ మాట వినని ఇల్లు ఉండదు. ఇప్పుడు మా బడిలో పిల్లలు కూడా ఒకరినొకరు అలాగే అనుకుంటారు. ఈ తుర్రంఖాన్ ఆ తుర్రెబాజ్ ఖానే అని హైదరాబాద్ పెద్దలు చెప్పుకుంటారు. నాకు అది తెలిసేసరికి ఉద్యోగంలో చేరి కూడా చాలా ఏళ్లయింది. పాఠం చెప్పడానికి 1857 గురించి చదువుతుంటే తూప్రాన్ అనే పేరు కనిపించింది. చదువుతున్న పేజీ దగ్గరే ఆగిపోయాను. మా ఊరి పేరు ఢిల్లీ, మీరట్, కాన్పూర్ ఉన్న పాఠంలోకి ఎలా వచ్చిందో అర్థం కాలేదు.

అప్పటి సంగతి తెలిసిన అధికారులు మీలో చాలామంది ఉంటారు. తెలియని వాళ్లూ ఈ లేఖ చదవవచ్చు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

1857 మే నెలలో ఉత్తరాదిలో సిపాయిలు ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డారు. సరిగ్గా అదే నెలలో హైదరాబాద్‌లో అఫ్జలుద్దౌలా ఐదో నిజాంగా గద్దెనెక్కాడు. దివాన్, అంటే ప్రధానమంత్రి, మొదటి సాలార్ జంగ్. ఆయన దివాన్ అయ్యి అప్పటికి నాలుగేళ్లు. నిజాం రాజ్యం చేజారితే దక్షిణం మొత్తం పోతుందని బొంబాయి గవర్నర్ భయపడుతున్న రోజులవి. ఔరంగాబాద్ వైపు నిజాం పేరు మీద నడిచే దళంలోనూ అలజడి పుట్టింది. తోటి సిపాయిల మీదికి ఢిల్లీకి నడవమంటే మేం వెళ్లం అన్నవాళ్లలో జమేదార్ చీదా ఖాన్ ఒకడు. కొద్దిమందిని వెంటబెట్టుకుని, ఇక్కడైతే ఆశ్రయం దొరుకుతుందని హైదరాబాద్ వచ్చాడు. దొరకలేదు. దివాన్ పట్టించి రెసిడెన్సీకి, అంటే నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిగా ఉండే రెసిడెంట్ భవనానికి, అప్పగించాడు.

ఆ కబురు ఊళ్లో పాకింది. బేగంబజార్‌లో ఉండే తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని కూడగట్టారు. 1857 జులై 17, శుక్రవారం. నమాజు అయ్యాక, చీదా ఖాన్‌ను విడిపించుకు వస్తామని దాదాపు 500 మంది రెసిడెన్సీ వైపు కదిలారు. ఎక్కువమంది రొహిల్లాలు, అంటే పఠాన్లు. వాళ్లు బయల్దేరకముందే రెసిడెంట్ డేవిడ్సన్‌కు కబురు చేరిపోయింది. లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. వీళ్ల దగ్గర ఉన్నవి తుపాకులు, కత్తులు. పుత్లీబౌలి వైపున్న ఇద్దరు షావుకార్ల ఇళ్లలోకి ఎక్కి అక్కడి నుంచి కాల్పులు జరిపారు. ఆ ఇళ్ల యజమానులు అబ్బన్ సాహెబ్, జయగోపాల్ దాస్. రాత్రంతా కాల్పులు నడిచాయి. తెల్లవారుజామున ఆగిపోయాయి. చీదా ఖాన్‌ను విడిపించలేకపోయారు. ఊరు వాళ్ల వెనక లేవలేదు.

మామూలుగా పుస్తకాల్లో కథ ఇక్కడ ఆగుతుంది. "దాడి విఫలమైంది" అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు. నాకు ఆ తర్వాతి ఏడాదిన్నరే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే మనం ఆయన్ని తలుచుకునేది ఆ ఏడాదిన్నర వల్లే.

దాడి జరిగిన ఐదో రోజున, జులై 22న, ఆయన దొరికిపోయాడు. మౌల్వీ ఎక్కడ దాక్కున్నాడో చెప్పమంటే చెప్పలేదని అంటారు. విచారణ జరిపి యావజ్జీవ ద్వీపాంతర శిక్ష వేశారు. అంటే అండమాన్. ఆ రోజుల్లో కాలాపానీ అంటే తిరిగిరావడం ఉండదు. ఆయన వెళ్లలేదు. 1859 జనవరి 18న చెర నుంచి తప్పించుకున్నాడు. పట్టించిన వాళ్లకు 5000 రూపాయల బహుమానం ప్రకటించారు. ఆ కాలంలో 5000 రూపాయలంటే ఒక మామూలు కుటుంబం తరాలపాటు చూడని సొమ్ము. ఆరు రోజులు బయట ఉన్నాడు. ఆ ఆరు రోజుల్లో కోఠి నుంచి తూప్రాన్ దాకా వచ్చాడు. జనవరి 24న తూప్రాన్ తాలూక్దార్ కుర్బాన్ అలీ బేగ్ ఆయన్ని చంపాడు. శవాన్ని నగరానికి తీసుకొచ్చి రెసిడెన్సీ దగ్గర నలుగురూ చూసేలా వేలాడదీశారు.

నేను చిన్నప్పుడు ఎండాకాలం తూప్రాన్ నుంచి మా పల్లెకు నడిచిన పొలాల గట్లు నాకు బాగా తెలుసు. జనవరిలో అక్కడ తెల్లవారుజామున మంచు దిగుతుంది, కంది కోతకు వస్తుంది. తల మీద వెల ఉన్న మనిషి ఆ చలిలో ఏ గట్టు వెంట నడిచాడో, ఎవరి గుమ్మం ముందు నీళ్లు అడిగాడో అని అప్పుడప్పుడూ అనుకుంటాను. మావాళ్లలో ఎవరైనా ఇచ్చారేమో. అలా ఇచ్చి ఉంటే బాగుండు అనిపిస్తుంది.

మౌల్వీ అల్లావుద్దీన్‌ను తర్వాత పట్టుకుని అండమాన్ పంపారు. ఆయన అక్కడే చనిపోయాడు.

ఇప్పుడు కోఠి సంగతికి వస్తాను.

వాళ్లు దాడి చేసిన రెసిడెన్సీ భవనంలోనే నేను చదువుకున్నాను. ముందు మెట్లకు రెండు వైపులా రెండు రాతి సింహాలు. వాటి మీద చెయ్యి వేసి ఫొటో దిగని అమ్మాయి మా బ్యాచ్‌లో లేదు. లోపల దర్బార్ హాలు, పెద్ద చెక్క మెట్లు. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంట్ కట్టించాడని, ఖైరున్నిసా బేగంను పెళ్లి చేసుకున్నాడని మా సీనియర్లు సినిమా కథలా చెప్పేవాళ్లు. ఆ కథ మాకు కంఠతా వచ్చు. అదే గేటు బయట నుంచి ఒక రాత్రంతా తుపాకులు పేలాయన్న సంగతి మూడేళ్లలో ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. భవనాన్ని ఈ మధ్య శ్రద్ధగా బాగుచేశారు, సంతోషం. ఆ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు, అది ఇంకా సంతోషం. దొరలను ఎదిరించిన ఆడమనిషి పేరు రెసిడెంట్ దొర కట్టిన మేడకు వచ్చింది. ఎదురుగా ఉన్న రోడ్డుకు తుర్రెబాజ్ ఖాన్ పేరు. ఒకే కూడలిలో ఈ రెండు పేర్లూ ఉండటం ఎంత గొప్ప సంగతో పిల్లలకు చూపించి చెప్పాలని నాకు ఉంటుంది.

చూపించడానికే పోయినేడు మా తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లాను. 32 మంది. కాలేజీ గేటు దగ్గర మొదలుపెట్టి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాళ్లను, సాక్సులు, చార్జర్లు అమ్మేవాళ్లను తప్పించుకుంటూ నడిచాం. 1857 వీరుల గుర్తుగా బస్టాప్ దగ్గర ఉన్న స్మారక స్తంభం ముందు ఆగాం. ఆటో హారన్లలో నా గొంతు వెనక వరసకు వినపడలేదు. అక్కడి నుంచి రోడ్డులోకి మళ్లాక, "ఇదే, ఆ పేరున్న రోడ్డు ఇదే" అన్నాను. పిల్లలు రోడ్డు వైపు, నా వైపు చూశారు. చూపించడానికి నా దగ్గర షాపుల బోర్డుల మీద అడ్రస్ లైను తప్ప ఇంకేమీ లేదు. ఆ అడ్రస్ లైనులోనూ పేరు ఒక్క తీరుగా లేదు. ఒక బోర్డు మీద తుర్రెబాజ్, ఇంకో దాని మీద తురేబాజ్, మరో దాని మీద తారాబాజ్. ఒక కుర్రాడు వాటిని నోట్‌బుక్‌లో వరసగా రాసుకుని, "టీచర్, ఈ ముగ్గురూ అన్నదమ్ములా?" అని అడిగాడు. వాడు ఎగతాళికి అడగలేదు, నిజంగానే అనుమానంతో అడిగాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది.

వెనక్కి వస్తుంటే ఒక అమ్మాయి ఇంకో మాట అడిగింది.

"టీచర్, మరి ఆయన గెలిచిండా?"

"లేదమ్మా."

"ఓడిపోతే రోడ్డుకు పేరెందుకు పెట్టిండ్రు?"

బస్సు వచ్చేసరికి నా జవాబు సగంలో ఆగింది. ఆ జవాబు ఆ రోడ్డు మీదే, నిలబడి చదువుకునేలా ఉండాలన్నది నా కోరిక.

మన ఊళ్లో పేర్లు ఎవరెవరికి దక్కాయో ఒక్కసారి చూడండి. అప్పటి నిజాం పేరు మీద అఫ్జల్‌గంజ్ ఉంది. చీదా ఖాన్‌ను అప్పగించిన దివాన్ వంశం పేరు మీద మూసీ ఒడ్డున దేశమంతా వచ్చి చూసే మ్యూజియం ఉంది. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం పెట్టిన చోటు ఆబిడ్స్ అయింది. ఫిరంగులు పోయించిన ఫ్రెంచి రేమండ్ పేరు జనం నోట్లో నలిగి మూసారాంబాగ్ అయింది. వీటిలో దేని మీదా నాకు ఫిర్యాదు లేదు. సాలార్ జంగ్ మంచి పాలకుడు, పరిపాలన గాడిలో పెట్టిన మనిషి. పిల్లలకు ఆయన గురించీ మనస్ఫూర్తిగా చెబుతాను. ఈ పేర్లలో ప్రతి దాని వెనకా ఏదో ఒక కథ ఎక్కడో ఒకచోట రాసి ఉంది, చెప్పేవాళ్లు ఉన్నారు. చెప్పేవాళ్లు లేనిది తుర్రెబాజ్ ఖాన్‌కే. అప్పటి సర్కారు రాతల్లో ఆయన బందిపోటు లాంటి వాడు, తలకు వెల కట్టిన పారిపోయిన ఖైదీ. మనం ఆ రాత తుడిచేసి రోడ్డుకు పేరు పెట్టుకున్నాం. కొత్త రాత మాత్రం రాసుకోలేదు.

సర్వాయి పాపన్నను చూడండి. ఖిలాషాపూర్‌లో కోట కట్టి, 1708లో వరంగల్‌ను కొట్టిన కల్లుగీత కార్మికుడు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆయన్ని దోపిడీదారుగానే రాశాడు. 1710లో చంపేశారు. కానీ ఊరూరా ఆయన కథ పాడేవాళ్లు ఉన్నారు. రెండు వందల ఏళ్లకు పైగా ఆ పాట నిలబడింది. ఇప్పుడు ఆగస్టు 18న ప్రభుత్వమే ఆయన జయంతి జరుపుతోంది. పాపన్నకు పాట మిగిలింది. తుర్రెబాజ్ ఖాన్‌కు మిగిలింది ఒక్క మాట. ఆ మాటను కూడా మనం పిల్లల్ని కసరడానికి వాడుకుంటున్నాం. మా తాత చెట్టు కింద నిలబడి నన్ను తిట్టాననే అనుకున్నాడు. నన్ను ఎవరితో పోల్చాడో ఆయనకూ తెలియదు.

ఇదే విషయం మీద రెండేళ్ల కింద ఒక కార్యాలయానికి వెళ్లి అర్జీ ఇచ్చాను. ఏ కార్యాలయమో ఇక్కడ అనవసరం. అక్కడి ఉద్యోగి మర్యాదగానే కూర్చోబెట్టాడు, మంచినీళ్లు ఇప్పించాడు. కాగితం రెండుసార్లు చదివి, "ఈ పేరు మీద ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు మేడం. ఈయన మీకు ఏమవుతాడు?" అన్నాడు. బంధువులో, కుల సంఘమో, ఏదో ఒక సంస్థో అడిగితేనే ఫైలు కదులుతుందన్నట్టు ఉంది ఆ ప్రశ్న. నాకు అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. "మా ఊరి దగ్గర చనిపోయాడు" అన్నాను. రసీదు ఇచ్చారు. తర్వాత ఏ కబురూ లేదు.

అందుకే ఈసారి బహిరంగంగా రాస్తున్నాను. విగ్రహం అడగడం లేదు. కొత్త పేరు అడగడం లేదు, పేరు పెట్టిన పుణ్యం మీకంటే ముందువాళ్లే కట్టుకున్నారు. నేను అడిగేవి చిన్నవి.

రోడ్డుకు రెండు కొసల్లో పేరు బోర్డులు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో, ఒకే స్పెల్లింగుతో ఉండాలి. సర్కారు వాడే ప్రతి చిరునామాలో అదే స్పెల్లింగు ఉంటే షాపుల వాళ్లూ మెల్లగా మారతారు. బోర్డు ఎత్తులో కరెంటు తీగల మధ్య కాకుండా, తొమ్మిదో తరగతి పిల్ల నిలబడి చదివే ఎత్తులో పెట్టండి. దాని కింద నాలుగు వాక్యాలు రాయించండి. బాగుచేసిన రెసిడెన్సీ భవనం చూడటానికి వచ్చేవాళ్లకు కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల కథతో పాటు ఆ రాత్రి కథ కూడా చెప్పించండి. కోఠి చుట్టుపక్కల మెట్రో స్టేషన్లలో రోజూ వేలమంది దిగుతారు. అక్కడ గోడ మీద ఒక చిన్న పటం ఉన్నా చాలు. బేగంబజార్, పుత్లీబౌలి, రెసిడెన్సీ గేటు, ఈ మూడూ గుర్తుపెట్టి గీసిన పటం ఉంటే ఆ శుక్రవారం సాయంత్రం వాళ్లు ఏ దారిన వచ్చి ఉంటారో ఎవరికైనా అర్థమవుతుంది.

ఇంకొకటి, ఇది నా స్వార్థం. తూప్రాన్‌లోనూ ఒక బోర్డు కావాలి. జాతీయ రహదారి మీద రోజూ ఎన్ని బండ్లు పోతాయో మీకు తెలుసు. అక్కడి పిల్లలకు కూడా, కోఠిలో మొదలైన కథ తమ ఊరి దగ్గర ముగిసిందని తెలియాలి. చంపిన వాడి పేరు దాచమని నేను అనను, కథలో అదీ భాగమే.

ఓడిపోయాడని కూడా రాయండి. ఒక్క రాత్రి పోరు అని, ఊరు వెనక నిలబడలేదని, నిజాం, దివాన్ కంపెనీ వైపే ఉన్నారని రాయండి. పెంచి రాస్తే ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఉండదు. తోటివాణ్ని పట్టిచ్చారని తెలిసి, విడిపించడానికి ఫిరంగుల ముందుకు వెళ్లాడు. దొరికాక పక్కవాడి పేరు చెప్పలేదు. కాలాపానీకి పంపుతామంటే చెర నుంచి తప్పించుకున్నాడు. నేను ఆ రోజు బస్సు ఎక్కుతూ సగంలో ఆపిన జవాబు ఇదే.

బోర్డు మీద రాత మీకు శ్రమ కాకూడదని నేనే రాసి పంపుతున్నాను. తప్పులుంటే మీ శాఖలోని చరిత్రకారులు దిద్దండి.

"తుర్రెబాజ్ ఖాన్ బేగంబజార్ నివాసి. చెరలో ఉన్న జమేదార్ చీదా ఖాన్‌ను విడిపించడానికి 1857 జులై 17న మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి దాదాపు 500 మందిని నడిపించి ఇక్కడికి దగ్గర్లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశాడు. ఆ పోరాటంలో ఓడిపోయాడు, యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది, 1859 జనవరి 18న తప్పించుకున్నాడు. జనవరి 24న తూప్రాన్ దగ్గర ఆయన్ని చంపి, శవాన్ని ఈ ప్రాంతంలోనే వేలాడదీశారు."

ఉర్దూలోకి మార్చడానికి మా బడి ఉర్దూ మాస్టారు ఒప్పుకున్నారు. వచ్చే జులై 17కి ఈ ఏటి తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకుని మళ్లీ ఆ రోడ్డుకు వస్తాను. మధ్యాహ్నం మూడింటికి కాలేజీ గేటు దగ్గర ఉంటాం.

ఇట్లు,
తూప్రాన్ దగ్గరి ఒక సోషల్ టీచర్,
కోఠి ఉమెన్స్ కాలేజీ పూర్వ విద్యార్థిని